మద్దిమాను కాడ రెండు పిలుపులు

లోకేశ్వరిని ఎవురన్నా పిలిస్తే, ఆ పిలుపు నోట్లో నుంచి పూర్తిగా బయటికి రాకముందే "ఆ, వస్తాండా!" అని పలుకుతాది. పిలిచింది తననా, ఇంకొకరినా అని చూసుకునేదే లేదు. పక్కింట్లో మేకను అదిలించినా పలుకుతాది. ఘాటు దిగే బస్సు హారను కొట్టినా చేతిలో చాట కింద పెట్టి లేచి నిలబడతాది. నెమళ్లగుంటలో పిలకాయలకు ఇదొక ఆట. గోడ చాటున నక్కి "ఓ మే!" అంటారు, ఆమె "వస్తాండా" అంటాది, వీళ్లు పకపకా నవ్వి ఉరుకుతారు. "మీ నోట్లో మన్నుపడ! ఆయమ్మను ఏడిపిస్తారేంరా?" అని తిట్టే పెద్దోళ్లు కూడా మొగం అవతలికి తిప్పుకుని నవ్వుకునేవాళ్లే. నవ్వరా మరి, వాళ్లకేం తెలుసు! ఆమె ఎందుకట్లా పలుకుతాదో తెలిసుంటే ఊళ్లో ఒక్కరికీ నవ్వు వచ్చేది కాదు.

నెమళ్లగుంట భాకరాపేట ఘాటు దిగువన ఉండాది. ఊరు దాటితే ఏరు, ఏరు దాటితే అడివి, అంతే. మగోళ్లు మామిడితోటల్లో పనికి పోతారు, లేదంటే కాయల లారీలెక్కి చిత్తూరికి పోతారు. లోకేశ్వరి మొగుడు మునిశేఖర్ ఆ లారీ డ్రైవరే. ఆడోళ్లకు అడివే దిక్కు. ఎండాకాలం చింతపండు, కుంకుడుకాయ. వాన పడిందంటే గొడుగులు.

గొడుగులంటే పుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు అనుకుంటారు శానామంది. అవి వేరే. లోకేశ్వరి ఏరేవి మానుగొడుగులు. గాలివానకు కూలిన మాన్లు అడివిలో ఎవురూ ముట్టుకోకుండా పడుంటాయి కదా, వాటి బెరడు నాని మెత్తబడిన తావ, తెల్లగా, దళసరిగా, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పూస్తాయి. వాటిని చాకుతో మొదలు కాడ కొయ్యాల, పీకకూడదు. పీకితే మాను అలుగుతాదంట, మళ్లీ పుయ్యదంట. చిన్నవాటిని వదిలెయ్యాల. ఎరగని రకం ఎంత ముద్దుగా ఉన్నా దాని జోలికి పోకూడదు. కోసినవి టేకాకు పరిచిన బుట్టలో బోర్లించి పెట్టుకోవాల. ఇంటికొచ్చి పులుసు పెట్టి, వేడి సంగటి మీద పోసుకుంటే, అబ్బా, ఆ పొద్దు ఇంట్లో మాటలు వినపడవు, ఒట్టి జుర్రుకునే చప్పుడే. మిగిలినవి ఆకుల్లో చుట్టి భాకరాపేట బస్టాండు కాడ కూర్చుంటే తిరపతి కార్లోళ్లు ఆపి మరీ కొనుక్కుపోతారు.

ఈ విద్యంతా ఆమెకు నేర్పింది తోడికోడలు శకుంతలమ్మ. మునిశేఖర్ అన్న గంగులప్ప పెండ్లాం. ఎత్తు మనిషి, గట్టి గొంతు, నోరు ఇంకా గట్టి. లోకేశ్వరి పులిచెర్ల తట్టు నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అడివంటే వణికిపోయేది. "ఏంది మే, మానును చూస్తేనే ఇంత భయపడితే మా మరిదితో ఏం కాపురం చేస్తావు?" అని శకుంతలమ్మ ఎగతాళి చేసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. పోయిన మొదటి పొద్దే అడివి కట్టుబాటు చెప్పింది.

"ఈడ పేర్లు పెట్టి పిలవకూడదు, విన్నావా? ఓ మే అనే పిలుచుకోవాల. ఒకసారి పిలిస్తే పలకొద్దు. రెండోసారి పిలిచినా పలకొద్దు. మూడోసారి పిలిస్తేనే నోరు తెరవాల."

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? ఒకటి రెండుసార్లు ఎవురైనా పిలుస్తారు. గాలి పిలుస్తాది, చచ్చినోళ్లు పిలుస్తారు. మూడోసారి పిలిచే ఊపిరి బతికినోళ్లకే ఉంటాది. నువ్వు తొందరపడి పలికినావో, నిన్ను తోడుకుపోతారు. మా మరిదికి మళ్లీ పెండ్లాన్ని వెతికే ఓపిక నాకు లేదు తల్లీ."

చెప్పి ఊరుకునే మనిషా ఆమె! బండ చాటుకు పోయి దాక్కుని "ఓ మే!" అంది. లోకేశ్వరి మరిచిపోయి "ఏమక్కా!" అనేసింది. అంతే, బండ వెనక నుంచి ఎగిరి దూకినట్టు వచ్చి "నీ బుద్ధి బండలుగాను! చెప్పి నోరు మూసుకున్నానో లేదో!" అని తిట్టిపోసింది. ఆ సంవత్సరమంతా అదే పరీక్ష. చెట్టు చాటున ఒకసారి, గుంట చాటున ఒకసారి. మెల్లగా లోకేశ్వరి గట్టిపడింది. శకుంతలమ్మ కొండ అదిరేట్టు పిలిచినా రెండు పిలుపులకు ఆమె పెదవి కదిలేది కాదు. మూడో పిలుపుకు పలికితే, "అట్లుండాల" అని శకుంతలమ్మ మెచ్చుకునేది. బాగా నేర్చుకుంది. అంత బాగా నేర్చుకోకపోయుంటే ఎంత బాగుండు!

ఒక యేడు పెద్ద గాలి కొట్టి అడివిలో దొనబండ కాడి ముసలి మద్దిమాను వేళ్లతో సహా కూలిపోయింది. మరుసటి వానలకు దాని మీద గొడుగులు పూసినాయి. శకుంతలమ్మకు పండగే. "నువ్వు పైతట్టు చూసుకో, నేను మద్దిని చూసుకుంటా, పని అయినాక దొనబండ కాడ కలుద్దాం" అని చెప్పి బుట్ట చంకన పెట్టుకుని పోయింది.

లోకేశ్వరి పైతట్టు కూర్చుని గొడుగులు కోస్తా ఉండగా కింద నుంచి పిలుపు వచ్చింది. "ఓ మే!"

తలెత్తింది. శకుంతలమ్మ గొంతే. పలకలేదు. రొంతసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి గొంతు సాగదీసినట్టు, బరువుగా ఉండాది. "ఓ... మే..."

లోకేశ్వరి నవ్వుకుంది. ఇన్నేండ్లయినా అక్కకు ఈ పరీక్షల పిచ్చి పోలేదు, గొంతు మార్చి మరీ పిలుస్తా ఉండాది, నేను దొరుకుతానా అనుకుంది. చాకు పట్టుకుని మూడో పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. రాలేదు. గెలిచిన సంబరంతో మళ్లీ పనిలో పడింది.

బుట్ట నిండినాక దొనబండ కాడికి పోతే ఎవురూ లేరు. మద్దిమాను కాడికి పోతే శకుంతలమ్మ మానుకు ఆనుకుని కూర్చుని ఉండాది. కండ్లు సగం మూతలు పడినాయి. నోటి పక్కన నురగ. కుడిచెయ్యి వాచి నల్లబడింది. పక్కన బుట్టలో గొడుగులు ఎంతో పొందిగ్గా బోర్లించి ఉండాయి. ఊపిరి ఉండాది, మాట లేదు. లోకేశ్వరి ఆ ఎత్తు మనిషిని వీపున వేసుకుని ఎట్లా దిగిందో ఆమెకే తెలీదు. అడివి వాచరు దేవరాజులు ఎదురొచ్చి బండి మీద ఎక్కించినాడు. తిరపతి ఆస్పత్రి లోపలికి తీసుకుపోయేలోగానే పోయింది.

"నాగుపాము కాటు" అన్నాడు డాక్టరు. "ఇది కరిస్తే ముందు గొంతు పడిపోతుంది, తర్వాత ఊపిరి. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేది."

గంగులప్ప ఏడుస్తా ఏడుస్తా మరదలి తట్టు తిరిగినాడు. "ఏమ్మా, పిలవలేదా అది? నీకు వినపళ్లేదా?" ఆయన పక్కనే కూతురు జయంతి. అప్పుడు ఎనిమిదో తరగతి. పావడాతో మొగం తుడుచుకుంటా చిన్నమ్మ నోటి తట్టే చూస్తా ఉండాది. ఆ చూపు చూసి లోకేశ్వరికి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"లేదు బావా. గాలి అవతలి తట్టు కొడతా ఉండింది."

అదీ కథ. అక్క గొంతులో ఉండింది రెండే పిలుపులు. ఆ రెండూ వినింది, విని నవ్వుకుంది. ఆ సంగతి లోకేశ్వరికి తప్ప ఈ లోకంలో ఎవురికీ తెలీదు.

తరవాత గంగులప్ప మద్రాసు తట్టు పనికి పోయి ఆడే ఉండిపోయినాడు. గంగజాతరకు వస్తాడు, లేదంటే లేదు. జయంతిని లోకేశ్వరే పెంచింది. తనకు బిడ్డల్లేరు, ఆ పాపే బిడ్డ. తల దువ్వింది, బడికి పంపింది, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చుంది. ఇంటరు అయినాక శ్రీ సిటీలో కంపెనీ పని దొరికితే హాస్టలుకు బిందె, దుప్పటి మోసుకుపోయి దిగబెట్టి, వచ్చే దావంతా బస్సులో ఏడ్చింది. జయంతి కూడా చిన్నమ్మ అంటే ప్రాణం ఇస్తాది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను. ఆ ఫోను పెట్టేసినప్పుడల్లా లోకేశ్వరికి ఒకటే దిగులు. ఈ పాపకు తెలిస్తే? మీ అమ్మ పిలిచింది, నేను కావాలనే పలకలేదు అని తెలిస్తే నా మొగం చూస్తాదా? నా చేతి కూడు తింటాదా? ఆ దిగులు ఆమెను లోపల్లోపల నమిలేసింది.

ఇంక వాన పట్టిందంటే ఆ పిలుపులు మొదలు. నీళ్లు పడతా ఉంటే వస్తాయి, పిండి కలుపుతా ఉంటే వస్తాయి. "ఓ మే!" అని ఒకటి, రొంత ఆగి సాగదీసినట్టు ఇంకొకటి. అప్పుడు పలకనిదానికి ఇప్పుడు ప్రతిదానికీ పలుకుతాది. అడివిలో కూడా అంతే. దాంతో తోటి ఆడోళ్లు ఆమెతో రావడం మానుకున్నారు. "నువ్వు ఒకటో పిలుపుకే పలుకుతావు, నీతోపాటు మమ్మల్ని కూడా పట్టిస్తావు, నీకో దండం" అన్నారు. వాళ్ల భయం వాళ్లది. లోకేశ్వరి ఒంటిగా పోయి అడివి అంచున రెండు మాన్లు చూసుకుని వచ్చేస్తాది. మద్దిమాను తట్టు మాత్రం కాలు పెట్టలేదు.

ఈ యేడు ముసురు వదలకుండా పట్టింది. జయంతి సెలవు పెట్టి ఊరికి వచ్చింది. ఆ పొద్దే దేవరాజులు ఊరుకోకుండా ఇంటి ముందర నిలబడి మొదలుపెట్టినాడు. "లోకేశ్వరమ్మా, దొనబండ కాడ మద్దిని చూసినావా? మొదలు నుంచి కొస దాకా తెల్లగా పూసేసింది. మనిషి చెయ్యి పడక ఇన్నేండ్లయ్యె కదా. నా సర్వీసులో అట్లా చూళ్లేదు." ఈ మనిషి నోరు కుట్టేసినా బాగుపడడు.

జయంతి లోపల నుంచి వచ్చింది. "పోదాం చిన్నమ్మా. అమ్మ కూర్చున్న తావు నేను ఒక్కసారి కూడా చూళ్లేదు."

"వద్దు పాపా. పాములుంటాయి. ఏనుగులు కూడా దిగినాయంట."

"ఏనుగులు యాడికి దిగినాయమ్మా, అవి పలమనేరు తట్టు కదా" అన్నాడు దేవరాజులు. "నేను దావ చూపిస్తాలే, భయమేంది!" లోకేశ్వరికి ఆయన్ను చీపురుకట్ట తీసుకుని కొట్టాలనిపించింది. జయంతి అప్పటికే బుట్ట తీసుకుని నిలబడింది. అది వాళ్లమ్మ బుట్టే. ఇంక ఏమంటాది, నడిచింది.

దేవరాజులు ఏటి కాడనే ఆగిపోయి, బండ మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు. ఇద్దరూ పైకెక్కినారు. దొనబండ దాటినాక మద్దిమాను కనపడింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అంత పొడుగు మాను నల్లగా కుళ్లి, దాని మీద తట్టు ఖాళీ లేకుండా తెల్లటి గొడుగులు. మబ్బుకు ఆ తావంతా చీకటిగా ఉంటే, అవి మాత్రం తమంత తాము వెలుగుతా ఉన్నట్టు ఉండాయి. పిట్ట కూత లేదు. ఆకుల నుంచి నీళ్లు కారే చప్పుడు ఒక్కటే.

"యాడ కూర్చోనుండింది చిన్నమ్మా?"

చెయ్యి ఎత్తి చూపించింది. జయంతి కట్టెతో ఆ తావంతా తట్టి చూసి, కూర్చుని, వాళ్లమ్మ ఆనుకున్నట్టే మానుకు ఆనుకుంది. కండ్లు మూసుకుంది. తరవాత లేచి చాకు తీసి కోయడం మొదలుపెట్టింది. మొదలు కాడ పట్టుకుని, చిన్నవాటిని వదిలి, బోర్లించి. అచ్చు శకుంతలమ్మ చెయ్యే. లోకేశ్వరి ఒక్క గొడుగును కూడా ముట్టుకోలేదు. పక్కనే గొంతుక్కూర్చుని, ఎప్పుడు దిగుదామా అని చూస్తా ఉండాది.

అప్పుడు వచ్చింది పిలుపు.

"ఓ మే!"

లోకేశ్వరికి ఇది కొత్తా? కొత్తది ఏందంటే, జయంతి కూడా తలెత్తింది. "ఎవురు చిన్నమ్మా?"

వినపడింది! పాపకు కూడా వినపడింది! ఇన్నేండ్లూ ఇది నా చెవుల జబ్బు, నా పాపం నన్ను పిలుస్తా ఉండాది అనుకుంది ఆమె. "ఆ, వస్..." అని నోరు తెరిచేలోగా జయంతి ఒక్క ఉదుటున వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పలకొద్దు. మూడోసారి పిలవనీ" అని గుసగుసగా అంది. వాళ్లమ్మ నేర్పిన మాటే, ఊళ్లో ప్రతి ఆడపిల్లా ఎరిగిన మాటే.

"ఓ... మే..."

అదే సాగదీత, అదే బరువు. మాను అవతల పొదల నుంచి. ఇద్దరూ ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. లోకేశ్వరి పలకాలని తల విదిలిస్తే జయంతి ఇంకా గట్టిగా అదిమిపట్టింది. శానాసేపు కూర్చున్నారు. మూడో పిలుపు రాలేదు.

"ఆడగొంతు కదా" అంది జయంతి మెల్లగా. "మన ఊరోళ్లు ఎవురూ ఈ తట్టు రారు కదా." అప్పుడు చూసుకుంది, తన అరచెయ్యి తడిసిపోయింది. చిన్నమ్మ కండ్లలో నుంచి నీళ్లు ధారగా కారతా ఉండాయి. ఆ మొగం చూసినాక జయంతికి అర్థమైంది. చెయ్యి తీసేసింది.

"చిన్నమ్మా. ఆ పొద్దు అమ్మ పిలిచిందా?"

ఎన్నేండ్లుగానో లోకేశ్వరి ఈ మాటకు భయపడింది. ఎన్ని అబద్ధాలు సిద్ధం చేసుకుందో! ఒక్కటి కూడా నోటికి రాలేదు.

"పిలిచింది పాపా. రెండుసార్లు. నన్ను ఆట పట్టిస్తా ఉండాదనుకున్నా. నవ్వుకున్నా."

తిడతాది అనుకుంది. ఛీ అంటాది, కొడతాది, ఇంక నీ ఇంటికి రాను అంటాది అనుకుంది. కొడితే బాగుండు కూడా. జయంతి కొట్టలేదు. తన అరచెయ్యి తట్టు చూసుకుంది. చూస్తా చూస్తానే ఆ పాప మొగంలో రక్తం దిగిపోయింది.

"అయితే ఇప్పుడు పిలిచింది కూడా అమ్మే కదా. నేను పలకలేదే. నువ్వు పలకబోతే నీ నోరు కూడా నొక్కేస్తినే!" అని, ఒక్కసారిగా లేచి "అమ్మా! వస్తాండామ్మా!" అని కేక పెట్టి పొదల్లోకి ఉరికింది.

లోకేశ్వరి వెంటబడి కొంగు దొరకబుచ్చుకుంది, నడుము పట్టుకుంది. పాప ముండ్లలో పడి గింజుకుంటా ఉండాది. "వదులు, అమ్మ పిలుస్తా ఉండాది, వదులు!" ఆ కండ్లు లోకేశ్వరికి తెలుసు, అద్దంలో రోజూ చూసుకునేవే. ఇంక ఈ పాప శ్రీ సిటీలో మిషను ముందర నిలబడి ఉలిక్కిపడి పలుకుతాది. హాస్టల్లో అన్నం పళ్లెం వదిలేసి లేస్తాది. వాన పడినప్పుడల్లా చెవులు రిక్కించి చస్తాది. తన బతుకు పోయింది సరే, ఈ పాప బతుకు కూడానా? అది మాత్రం ఆమెకు సహించలేదు.

చాచిపెట్టి చెంప మీద ఒకటి ఇచ్చింది. ఆ పాపను ఆమె కొట్టడం అదే మొదటిసారి.

"నోరు ముయ్యి! ఎవురే నీకు అమ్మ? మీ అమ్మ గొంతు నాకు తెలీదా? మీ అమ్మ పిలిస్తే కొండ అదిరేది. ఇదేదో గాలి. మాను తొర్రలో దూరి కూస్తా ఉండాది."

"నిజంగానా?" జయంతి చెంప పట్టుకుని, వెక్కుతా అడిగింది. "నిజంగా అమ్మ కాదా?"

లోకేశ్వరి చెయ్యి ఎత్తి ఆ పాప నడినెత్తిన పెట్టింది. దొంగ ఒట్టు వేస్తే ఎవరి తల మీద వేసినామో వాళ్లకే తగులుతాదని నమ్మే మనిషి ఆమె. చెయ్యి అదిమిపెట్టి మరీ చెప్పింది. "నీ మీద ఒట్టు. అమ్మ కాదు."

"మరి ఆ పొద్దు?"

"ఆ పొద్దు అమ్మే. అది నా పాపం. నీకు దాంతో పనిలేదు."

జయంతి శానాసేపు ఏడ్చింది. తరవాత మొగం తుడుచుకుని, బుట్ట ఎత్తుకుని, చిన్నమ్మ తట్టు చూడకుండా ముందు నడిచింది. ఇంటికి పోయినాక ఉంటాదో, బట్టలు సర్దుకుని పోతాదో, ఆ నడకను చూసి చెప్పేదానికి లేదు. లోకేశ్వరి రొంత ఎడంగా వెనక నడిచింది.

దొనబండ దాటినారో లేదో, వెనక నుంచి పిలుపు మొదలైంది. ఈసారి రెండుతో ఆగలేదు. మూడు, ఆపైన ఎన్నో. "ఓ మే! ఓ మే!" అని, గొంతు పగిలిపోయేట్టు, ఒంటరిగా వదిలేసి పోతా ఉంటే మనిషి ఎట్లా పిలుస్తాదో అట్లా. ముందర పోయే పాపకు తన ఎక్కిళ్లలో అది వినపళ్లేదు. మూడో పిలుపు బతికినోళ్లదే అని చెప్పింది శకుంతలమ్మే, అయినా అది ఆమె గొంతే. లోకేశ్వరికి అనుమానమే లేదు. ఒక్కసారి పలికితే చాలు, ఈ జన్మకు చాలు. కానీ పలికితే పాప వెనక్కి తిరుగుతాది, ఒట్టు అబద్ధమని తెలుస్తాది, మళ్లీ ఆ పొదల్లోకే ఉరుకుతాది.

కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుని ఏటి దాకా నడిచింది. అక్కా, తప్పయిపోయింది అని లోపల కూడా అనుకోలేదు. అనుకుంటే పలికినట్టే అవుతాదని.